పిల్లల పేరున ఒక దీవార్

మొన్న ఈద్‌కి మా ఫుప్పు ఇంటికొచ్చింది. షీర్ ఖుర్మా తాగి, పిల్లలకు ఈదీ ఇచ్చి, ‘మేడ మీద గదికి ఏదో రంగులేశారంట కదా, చూస్తా’ అంటూ మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కింది. గుమ్మంలోనే ఆగిపోయింది.

“అల్లా! ఇత్తె రంగాఁ కైకు మా? ఘర్ హై కి సర్కస్ కా డేరా?”

ఇన్ని రంగులెందుకమ్మా, ఇది ఇల్లా సర్కస్ డేరానా అని. అంతటితో ఆగలేదు. ఆ గదిని కిరాయికిచ్చుంటే నెలకింత వచ్చేది కదా అంది. ఆపైన మా పెద్దదాన్ని కింద నుంచి మీదికి చూసి, “లడ్కీ బడీ హోగయీ, ఇంకా ఆటలేంటి?” అంది.

ఫుప్పు మా అబ్బా కంటే పెద్దది. ఈద్ పూట పెద్దవాళ్లతో బహస్ చేయడం అదబ్ కాదు. నవ్వి ఊరుకున్నాను. కానీ ఆమె అన్న మూడు మాటలూ ఆమె ఒక్కదానివే కావు. మన ఇళ్లలో చాలామంది మనసులో ఉన్నవే. అందుకే జవాబు ఇక్కడ చెప్తున్నాను.

ముందు ఆ గోడ సంగతి. పది అడుగుల వెడల్పు, తొమ్మిది అడుగుల ఎత్తు. కింది నుంచి నాలుగున్నర అడుగుల దాకా ఎనిమిది కొనల సితారలు, మొత్తం పద్దెనిమిది. నీలం, ఫిరోజీ, పసుపు రంగుల్లో. సితారకీ సితారకీ మధ్య మిగిలిన జాగాలో తెల్లటి పువ్వులాంటి ఆకారం. ఆ పైనంతా ఖాళీ. పిల్లల చెయ్యి అందే మేరకే రంగు. ఎందుకంటే వేసింది వాళ్లే. పెద్దదానికి పన్నెండేళ్లు, చిన్నోడికి ఎనిమిది.

ఇప్పుడు మొదటి మాట: ఇన్ని రంగులెందుకు?

మన ఇంట్లో గోడ అంటే ఏమిటో ఒకసారి చూడండి. ముందు గది గోడ మెహమానులది. అక్కడ కాబా తస్వీర్, గాజు షోకేసు, అందులో ఏడాదికోసారి కూడా బయటికి తీయని చాయ్ కప్పులు. లోపలి గదుల గోడలు బీరువాలవి, బట్టల మేకులవి. ఇల్లంతా వెతికినా పిల్లలది అనే గోడ ఒక్కటీ ఉండదు. వాళ్లకు మనం చెప్పేది ఒక్కటే మాట: హాత్ మత్ లగావో.

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. నేను పాలమూరులో కిరాయి ఇళ్లలో పెరిగాను. పదో తరగతి అయ్యేలోపు ఏడు ఇళ్లు మారాం. పేరు చెప్పగానే ‘ఖాళీ లేదండీ’ అనే గుమ్మాలు ఎక్కి దిగి, చివరికి ఎవరో ఒకరు ఇస్తే, ఆ ఇంటిని అద్దంలా చూసుకోవాలి. షాబాన్ నెల రాగానే అబ్బా సున్నం నానబెట్టేవాడు. రాళ్ల మీద నీళ్లు పోస్తే బుసబుసా పొంగేది. చల్లారాక కాస్త జిగురు, కాస్త నీలిమందు కలిపి, రంజాన్ చాంద్ కనబడేలోపు ఇల్లంతా తెల్లగా చేసేవాడు.

నాకు ఎనిమిదేళ్లప్పుడు, అలా కొత్తగా సున్నం పడ్డ గోడ మీద బొగ్గుముక్కతో ముగ్గు వేశాను. పక్కింటి పిల్ల నేర్పిన చుక్కల ముగ్గు. చుక్కలు సరిగ్గా కుదిరాయని ఎంత ఖుషీ అయిపోయానో. సాయంత్రం కిరాయి కోసం ఇల్లుగలాయన వచ్చాడు, చూశాడు, నాలుగు మాటలని పోయాడు. ఆ రాత్రి ఇషా తర్వాత అబ్బా బల్బు వెలుగులో ఒక్కడే ఆ గోడకి మళ్లీ సున్నం కొట్టాడు. నన్ను తిట్టలేదు, కొట్టలేదు. “అప్నీ దీవార్ నై హై బేటా” అన్నాడు అంతే.

మన గోడ కాదు. ఆ ఒక్క మాట నా చేతిని ఎన్నేళ్లు పట్టి ఆపిందో నాకే తెలుసు. ముప్పై ఏళ్ల తర్వాత అప్పు చేసి సొంత ఇల్లు కట్టుకున్నాక కూడా నా పిల్లలు గోడ మీద గీత గీస్తే నేను ఉలిక్కిపడేదాన్ని. మాలిక్ మకాన్ ఎవడూ లేడు. ఆ ఖౌఫ్ మాత్రం సామానుతో పాటు కొత్తింట్లోకి దిగింది.

ఫుప్పు అన్న సర్కస్ డేరా మాటకొస్తే, రంగులు, నక్షాలు మనకి కొత్తవా? చార్మినార్ కట్టించిన ముహమ్మద్ ఖులీ ఖుతుబ్ షాయే 1590ల్లో బాద్‌షాహీ ఆషూర్ ఖానా కట్టించాడు. పాత బస్తీకి పోయినప్పుడు ఒకసారి లోపలికి పోయి చూడండి. పసుపు, నీలం, ఆకుపచ్చ పెంకుల్లో ఆరు మూలల నక్షాలు గోడ నిండా ఉంటాయి. 1908 మూసీ వరద ఆ గోడల్ని దెబ్బతీసింది. అయినా మిగిలినదే కళ్లు తిప్పుకోనివ్వదు. ఈ పనిని కాషీకారీ అంటారు. ఇరాన్‌లోని కాషాన్ ఊరి పేరు మీద వచ్చిన మాట అది. మా పిల్లలు వేసిన సితారల నక్షా కూడా 13వ శతాబ్దంలో కాషాన్ కారీగర్లు పెంకుల్లో చేసిందే. సంతోష్‌నగర్ దగ్గర పైగా సమాధుల జాలీలు చూడండి, గచ్చుతో చేసిన అల్లిక ఒకచోట ఉన్నట్టు ఇంకోచోట ఉండదు. సున్నంతోనే చేశారు అదంతా. మా అబ్బా చేతిలో ఉన్న సున్నంతోనే.

ఇంకో సంగతి. ఇంట్లో తస్వీర్ల మీద మన పెద్దల్లో ఇఖ్తిలాఫ్ ఉంది. కార్టూన్ బొమ్మలు గీస్తే ఒక చాచా కాదంటాడు, ఒక మామూ ఔనంటాడు. సితారలూ, బేల్‌బూటాల మీద ఆ ఝగడా లేదు. మస్జిద్ మెహరాబ్ మీద ఉన్నదే పిల్లల గదిలోకి వస్తుంది, దానికి ఎవరేమంటారు?

రెండో మాట: కిరాయి.

ఇది తేలిక మాట కాదు. ఆ గదికి నెలకు నాలుగు వేలు ఇస్తామని ఇద్దరు అడిగారు. ఏడాదికి 48 వేలు. విలేకరి జీతంలో 48 వేలంటే ఏమిటో మా ఆయనా నేనూ కాగితం మీద చాలా రాత్రులు లెక్కేశాం. ఇంటి కిస్తీ ఉంది, స్కూలు ఫీజు ఉంది. ఆయన ‘ఒక రెండేళ్లు ఇద్దాం’ అన్నారు. నేను ‘రెండేళ్లకి పెద్దదానికి పద్నాలుగు వస్తాయి, అప్పుడు ఆట గది ఇచ్చి ఏం లాభం’ అన్నాను. బచ్‌పన్ కిస్తీల్లో రాదు. చివరికి ఆయనే ‘సరే, ఇంకోచోట తగ్గించుకుందాం’ అన్నారు. తగ్గించుకున్నాం కూడా, ఆ తక్లీఫ్ దాచను.

గోడకైన ఖర్చు మాత్రం ఫుప్పు అనుకున్నంత లేదు. తెల్ల ఎమల్షన్ ఇల్లు వేసినప్పటిది మిగిలింది. మూడు రంగుల చిన్న డబ్బాలు, కుంచెలు, పేపరు టేపు అన్నీ కలిపి రెండు వేల లోపే. డిజైనర్లని పిలిచి వేయించుకునే వాళ్లూ ఉన్నారు. వాళ్ల పైసా వాళ్ల ఇష్టం. కానీ పిల్లల చెయ్యి పడని గోడ మళ్లీ షోకేసే అవుతుంది.

పని ఎలా చేశామో చెప్తాను, ఎవరికైనా కామ్ వస్తుంది. ముందు గోడకి చెమ్మ లేదని చూసుకోవాలి. చెమ్మ ఉంటే ఏ రంగు వేసినా పొరలు లేస్తుంది, అందుకే ఎండాకాలం పట్టుకున్నాం. పగుళ్లకు పుట్టీ, ఆపైన ప్రైమర్, తెలుపు రెండు కోట్లు. అట్టముక్క మీద దారం, పెన్సిలుతో తొమ్మిది అంగుళాల వ్యాసార్ధంతో వృత్తం గీశాం. దాని చుట్టూ సమాన దూరంలో ఎనిమిది చుక్కలు. చుక్క విడిచి చుక్క కలిపితే ఒక చతురస్రం, మిగతా నాలుగూ కలిపితే ఇంకొకటి. రెండూ కలిస్తే సితార. దాన్ని కత్తిరించి సాంచా చేసుకున్నాం. గోడ మీద గీసి, అంచులకు టేపు అంటించి, టేపు అంచు మీద ముందు తెలుపే ఒక చెయ్యి పూయాలి. అప్పుడు రంగు కిందికి పాకదు. రంగు పూర్తిగా ఆరకముందే టేపు మెల్లగా లాగేయాలి.

నేను ఉర్దూ మీడియం చదివాను కదా, దాయిరా, మురబ్బా, జావియా అని అలవాటు. ‘ఇప్పుడు రెండు మురబ్బాలు గీయాలి’ అంటే చిన్నోడు ఉసిరికాయ మురబ్బా అనుకుని వంటింటి వైపు చూశాడు. వృత్తం, చతురస్రం అంటే టీవీలో తెలుగు అన్నాడు. వాడికి తెలిసింది సర్కిల్, స్క్వేర్. ఆ వారం రోజుల్లో మూడు జబాన్ల పేర్లూ నేర్చుకున్నాడు.

ఇక్కడ ఒక హెచ్చరిక. రంగుల్లో సీసం అనే లోహం కలిపేవారు. ముఖ్యంగా మెరిసే పసుపు, ఎరుపు ఆయిల్ పెయింట్లలో ఎక్కువ. అది పిల్లల మెదడుకి నుక్సాన్ చేస్తుంది. ఇంత వరకైతే పర్వాలేదు అనే మోతాదు ఏదీ తేలలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దేశంలో 2016లో నియమాలు తెచ్చి, 2017 నవంబరు 1 నుంచి ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు, దాటకూడదన్నారు. డబ్బా మీద ఆ మాట రాసి ఉందో లేదో చదివి కొనండి. పేరు లేని డబ్బా, విడిగా పోసిచ్చే ఆయిల్ పెయింటు పిల్లల గదికి వద్దు. నీళ్లలో కలిసే ఎమల్షన్ చాలు. పాత ఇల్లయితే పాత ఆయిల్ పెయింటుని పొడిగా గీకకండి. ఆ దుమ్మే జహర్. కిటికీలు తీసి పెట్టండి, రెండు రోజులు ఆ గదిలో పిల్లల్ని పడుకోబెట్టకండి.

ఇక మూడో మాట. నేను ఈ వ్యాసం రాస్తున్నదే దాని కోసం. లడ్కీ బడీ హోగయీ.

మా గల్లీలో మగపిల్లలకు క్రికెట్ ఉంది. మగ్రిబ్ దాకా ఆడతారు, ఎవరూ ఏమనరు. ఎనిమిదేళ్ల తమ్ముడికి గల్లీ అంతా తనదే. పన్నెండేళ్ల అక్కకి గల్లీ బందైపోయింది. నేను బంద్ చేయలేదు. ఎవరూ ఒక రోజు కూర్చుని ఫైస్లా చేయలేదు. ఒకరి చూపు, ఒకరి మాట, ఇంకొకరి ‘దుపట్టా ఏదీ’. అంతే, అది మెల్లగా లోపలికి వచ్చేసింది. మన బస్తీల్లో ఆడపిల్లలకు మైదాన్ లేదు, పార్కు లేదు. బయట జాగా ఇవ్వలేని మనం లోపల కూడా ఇవ్వకపోతే వాళ్లు ఎక్కడ ఆడాలి? ఉన్న గదిని రేపు పైగామ్ తెచ్చే మెహమానుల కోసం ఇప్పటి నుంచే సర్దిపెడితే, ఆ పిల్లకి ఇల్లంటే ఏమని అర్థమవుతుంది? హజ్రత్ ఆయిషా (ర.అ.) బొమ్మలతో ఆడుకున్న సంగతి హదీసుల్లో ఉంది. ఆట ఆడపిల్లకి ఐబ్ అని ఎవరు నేర్పారు మనకి?

ఆ గోడ దగ్గర నేను నా కూతుర్ని కొత్తగా చూశాను. సితార వెడల్పు 18 అంగుళాలు, గోడ 120 అంగుళాలు. ఆరు సితారలు పోను 12 అంగుళాలు మిగిలాయి. ఏడోది పట్టదు. నేనైతే చివర సగం సితార గీసి వదిలేద్దామన్నాను. అది నేల మీద కూర్చుని కాసేపు వేళ్లు లెక్కపెట్టుకుని, ‘అమ్మీ, అటు ఆరు ఇటు ఆరు వదిలి నీలం పట్టీ వేద్దాం, చీర అంచులా’ అంది. క్లాసులో లెక్కలంటే మొహం ముడుచుకునే పిల్ల. ఆ సాయంత్రం అటూ ఇటూ పట్టీ తనే వేసింది. ఎవర్నీ ముట్టనివ్వలేదు.

ఇల్లు చిన్నది, ఆట గది ఎక్కడి నుంచి తేవాలి అంటారా? మెట్ల పక్క గోడ, మంచం వెనక నాలుగడుగులు, అదీ చాలు. కిరాయి ఇల్లయితే మాలిక్‌ని అడగండి, ఖాళీ చేసేటప్పుడు తెలుపు కొట్టిస్తామని చెప్పండి. కాదంటే ఒక ప్లైవుడ్ చెక్క మీద వేయించి గోడకి ఆనించండి. ఇల్లు మారినా చెక్క వెంట వస్తుంది. నా చిన్నప్పుడు ఎవరికైనా ఈ చెక్క ఆలోచన తట్టి ఉంటే బాగుండేది.

ఈద్ తర్వాత వారం అబ్బా వచ్చాడు పాలమూరు నుంచి. మేడ గదిలో కుర్చీ వేశాను. చాలాసేపు గోడ చూశాడు. సితారల మీద అరచెయ్యి పెట్టి రుద్ది చూశాడు, చేతికి అంటుతుందేమో అని. పాత సున్నం అలవాటు. ఆ తర్వాత మెల్లగా అడిగాడు, “మాలిక్ మకాన్ కుచ్ బోల్యా నై?”

ఇల్లు మనదేనని ఆయనకి తెలుసు. గృహప్రవేశం రోజు దువా చేసింది ఆయనే. అయినా నోటికి ఆ మాటే వచ్చింది. నేను ఏదో చెప్పబోయేలోపు మా పెద్దది అంది, “ఈ గోడకి మాలిక్ నేనే నానా.”

అబ్బా నవ్వాడు. మరి చిన్నోడు ఊరుకుంటాడా, సగం తనదన్నాడు. ఇప్పుడు మా ఇంట్లో ఆ హిస్సాల ఝగడా నడుస్తోంది. తొమ్మిదీ తొమ్మిదీ అని వాడు, పట్టీలు తనే వేసింది కాబట్టి పదకొండు తనవని అది.

మీ ఇంట్లో కూడా ఇలాంటి ఝగడా ఒకటి మొదలుపెట్టండి. వచ్చే రంజాన్ ముందు ఇంటికి రంగులు వేయిస్తారు కదా. అప్పుడు ఒక్క గోడ వదిలేసి, కుంచె మీ అమ్మాయి చేతికివ్వండి.