జూనీ శిలామృగములు

న్యూ మెక్సికో పశ్చిమ ప్రాంతమందలి జూనీ గ్రామమున, శిలనుండి మృగరూపమును వెలికిఁదీయు విద్య పెక్కు కుటుంబములలో పెద్దలనుండి పిన్నలకు, సానచక్రము చెంతనే సంక్రమించుచున్నది. ఉత్తరమునకు కొండసింహము, పడమటికి ఎలుగు, దక్షిణమునకు బాడ్జరు, తూర్పునకు తోడేలు, ఊర్ధ్వదిశకు గ్రద్ద, అధోదిశకు నేలను త్రవ్వు మోల్ అను చిఱుజంతువు అధిపతులని వారి విశ్వాసము. మానవశాస్త్రజ్ఞుఁడు ఫ్రాంక్ హామిల్టన్ కుషింగు 1883లో వెలువడిన తన గ్రంథమున దీనిని సవిస్తరముగా వర్ణించెను. ఆ దేవతావ్యవస్థతోపాటు శిల్పుల వంశములును గమనింపఁదగినవి. 1966లో గతించిన జూనీ శిల్పి లీక్యా డెయూసే టర్కాయిస్ అను నీలిరాతిలో మలచిన ఎలుగుల మెత్తని బొద్దుదనము, ఆయన సంతతివారి పనియందును గోచరించును. అంగడిలో లభించు బొమ్మలు ప్రాయికముగా కళాఖండములే. పూజార్హత వానికి సంస్కారమువలనఁగాని రాదు.