నెమలి ఎవరిది?

పోయిన ఆదివారం మా మనవడు ఫోను తెచ్చి నా కంచం పక్కన పెట్టిండు. "తాతా, నీ మాయాబజార్ గూడ కాపీనేనట" అన్నడు. నాకు కోపమొచ్చి సగం అన్నంలోనే చెయ్యి కడుక్కున్న. చల్లబడ్డంక ఆలోచిస్తే పిల్లగాడు పూర్తిగా తప్పు చెప్పలేదు.

మనం మెచ్చుకునే మాయాబజార్ 1957లో వచ్చింది. 1936లోనే తెలుగులో శశిరేఖా పరిణయం అని అదే కథ సినిమాగా వచ్చింది. నాటకాల వాళ్ళకూ అది ఇష్టమైన కథ. ఇక్కడ మహారాష్ట్రలో ఆ పిల్లను వత్సల అంటరు, సురేఖ అని కూడా అంటరు. 1921లో కొల్హాపూర్ బాబూరావ్ పెయింటర్ సురేఖా హరణ్ అని మాటల్లేని సినిమా తీస్తే, అందులో కృష్ణుడి వేషం కట్టిన కుర్రాడే తర్వాత పెద్ద డైరెక్టరైన వి. శాంతారాం. ఇంకా వెనక్కి పోతే, వ్యాసుడి భారతంలో శశిరేఖ అనే పిల్లే లేదు. అందులో అభిమన్యుడు పెండ్లాడింది ఉత్తరను. శశిరేఖ కథ జనం అల్లుకున్నది. మరి డైరెక్టర్ కె.వి. రెడ్డి గారు ఎవరిది కాపీ కొట్టినట్టు?

అదే కథ తీసుకుని ఆయనా, మాటలు రాసిన పింగళి నాగేంద్రరావు గారూ ఏం చేశారో చూడండి. పాండవుల ఇంటి పెండ్లి కథలో పాండవులు ఒక్కరూ కనబడరు! ఈ మాట ఎవరో చెప్పేదాకా నేనూ గమనించలేదు, పది సార్లు చూసి కూడా. మూత తీస్తే ఎవరికి ఇష్టమైనది వాళ్ళకు కనబడే పెట్టె ఒకటి పెట్టారు. అసమదీయులు, తసమదీయులు అని కొత్త మాటలు పుట్టించి, మాటలు ఎవరో ఒకరు పుట్టించాల్సిందేనన్నట్టు ఘటోత్కచుడి చేతనే చెప్పించారు. మా భాషలో చెప్పాలంటే పడుగు ఊరందరిదీ, పేక మాత్రం వాళ్ళది.

ఈ కాపీ సంగతి నాకు వేరే చోట గుచ్చుకుంటది. కార్ఖానాలో చద్దర్ల సాంచాల మీద పనిచేసే రోజుల్లో నేను గళ్ళ కాగితం మీద ఒక నెమలి డిజైను గీసిన. దాని ప్రకారం జకార్డు అట్టలు కొట్టించి నేశారు. బాగా అమ్ముడుపోయింది. ఏడాది తిరగకముందే అదే నెమలి ఇంకో కార్ఖానా చద్దర్ల మీద ప్రత్యక్షమైంది. మా సేఠ్ లబోదిబోమన్నడు. ఆ నెమలి గీసింది ఎవరని మాత్రం ఆయనా అడగలేదు, వాళ్ళూ అడగలేదు. నిజం చెప్పాలంటే అది నా సొంతమూ కాదు. మా అమ్మమ్మ పాత చీర అంచు మీది నెమలి. నేను మెడ తిప్పి, తోక విప్పిన, అంతే. ఆ చీర నేసినాయన పేరు నాకెట్లా తెలుస్తది?

మనవడే ఇంకో ముచ్చట చదివి వినిపించిండు. జపాన్ డైరెక్టర్ కురోసావా 1961లో యోజింబో అనే సినిమా తీసిండు. 1964లో ఇటలీ ఆయన సెర్జియో లియోనె అదే కథకు గుర్రాలూ తుపాకులూ తగిలించి, చెప్పాపెట్టకుండా తీసేసిండు. జపాన్ వాళ్ళు ఊరుకోలేదు. గొడవ తెగేసరికి ఆ సినిమా రాబడిలో నూటికి 15 వాళ్ళకు ముట్టింది. ఇటలీ ఆయన సినిమా బాగాలేదని కాదు, దాన్ని ఇప్పటికీ చూస్తున్నరట. అడిగి తీస్తే ఏం పోయేది?

మనోళ్ళ హీరోల సినిమాలు విదేశాల సీడీలు చూసి తీసి, కథ అన్న చోట సొంత పేరు వేసుకుంటే నాకు చిర్రెత్తేది అందుకే. పాత సామాను వాడినందుకు కాదు.

"మరి నీ నెమలికి ఎంతిచ్చిండ్రు తాతా?" అన్నడు మనవడు. ఆ వారం జీతమిచ్చిండ్రు అని చెప్పిన. ఆ చద్దరు ఒకటి ట్రంకు పెట్టెలో ఉంటే తీసి చూపించిన. ఫోనుతో ఫోటో తీసుకున్నడు. వచ్చే ఆదివారం ఇద్దరం కూర్చుని మాయాబజార్ చూస్తమని మాటిచ్చిండు. ఘటోత్కచుడు లడ్డూలు మింగేటప్పుడు ఫోను పక్కన పెడతడేమో చూడాలె.