వెండి పాడుతుందా? గాలి పాడుతుందా?

"మాస్టారూ, మా అమ్మాయికి ఏ ఫ్లూటు కొనమంటారు?" అని మొన్న నా పాత విద్యార్థి ఒకడు అమెరికా నుండి ఫోను చేశాడు. సంగీతం మాస్టారిని అడగవలసిన ప్రశ్న నన్నడుగుతాడేమిటా అనుకున్నాను. సంగతంతా విన్నాక తెలిసింది, ఇది మన ధ్వని పాఠమే!

వాళ్ళమ్మాయి తొమ్మిదో తరగతి. బడి బ్యాండులో ఫ్లూటు వాయిస్తుంది. మన వెదురు పిల్లనగ్రోవి కాదు. 1847లో మ్యూనిక్ నగరంలో థియోబాల్డ్ బోమ్ రూపొందించిన తీరులో మీటలుండే లోహపు ఫ్లూటు. ఇన్నాళ్ళూ వాయించినది నేర్చుకునేవారి రకం. దాని లోహాన్ని 'నికెల్ సిల్వర్' అంటారు గాని అందులో వెండి లేదు. రాగి, నికెల్, జింకుల మిశ్రమం అది. పైన వెండి పూత. దాని తరువాతిది మధ్యరకం, సాధారణంగా తల భాగం వెండిది. ఆ పైన కచేరీ రకం, అంతా వెండి, చాలావరకు చేతిపని. బంగారు ఫ్లూట్లూ, ప్లాటినం ఫ్లూట్లూ కూడా ఉన్నాయి.

కొట్టువాడు కచేరీ రకానికి మధ్యరకం కన్నా మూడింతల ధర చెప్పి, "వెండి గొంతే వేరు" అన్నాడట. తండ్రి అప్పు చేయడానికి సిద్ధపడ్డాడు. నన్ను బాధపెట్టింది అది కూడా కాదు. తన ఫ్లూటు వెండిది కాదు కనుక తన వాయిద్యం బాగుండదని ఆ పిల్ల నమ్మేసింది.

పిల్లలూ, వీణలో తీగ కంపిస్తుంది, మృదంగంలో చర్మం కంపిస్తుంది. ఫ్లూటులో పాడేది గొట్టం కాదు, లోపలి గాలి. పెదవుల నుండి వచ్చే పల్చని గాలిపొర ఊదే రంధ్రం అవతలి అంచుకు తగిలి లోపలికీ బయటికీ ఊగుతుంది. ఆ ఊపుకు గొట్టంలోని గాలిస్తంభం అనునాదం చెందుతుంది. ఫ్లూటు రెండు చివరలా తెరిచిన గొట్టం వంటిది. కనుక గాలిస్తంభం పొడవు తరంగదైర్ఘ్యంలో సగం. అట్టడుగు స్వరం పౌనఃపున్యం సుమారు 262 హెర్ట్జ్‌లు. ధ్వనివేగం సెకనుకు 345 మీటర్లనుకుంటే ఆ సగం 66 సెంటీమీటర్లు. ఊదే రంధ్రం నుండి చివరి వరకు కొలిస్తే దాదాపు 60 వస్తుంది. మిగిలిన తేడా, చివరల బయట ఉన్న గాలి కూడా కొంత కంపించడం వల్ల. ఈ లెక్కలో వెండి ఎక్కడుంది?

ఇదే మాట కొన్నేళ్ళ క్రితం తరగతిలో చెప్పి, రుజువు చేయబోయి పరువు పోగొట్టుకున్నాను. కరెంటు పనికి వాడే ప్లాస్టిక్ పైపు ఒకటి, లోపలి వ్యాసం అంతే ఉన్న అల్యూమినియం గొట్టం ఒకటి తెచ్చి, ఒకే పొడవుకు కోసి రంధ్రాలు చేశాం. చాప అడ్డం కట్టి, దాని వెనుక పిల్లనగ్రోవి వచ్చిన కుర్రవాడిని కూర్చోబెట్టాను. ఏది ఏదో తరగతంతా ఇట్టే చెప్పేసింది!

ఆ రాత్రి రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తప్పు దొరికింది. ప్లాస్టిక్ గోడ మందం, అల్యూమినియం గోడ పల్చన. అందువల్ల ఊదే రంధ్రం లోతు మారింది, గాలి తగిలే అంచు మారింది. మర్నాడు ప్లాస్టిక్‌తో ఒకే తల భాగం చేసి, దాన్నే రెండు గొట్టాలకూ మార్చి మార్చి తగిలించాం. అప్పుడు పిల్లలు చెప్పిన జవాబులు బొమ్మా బొరుసూ వేసి చెప్పినట్టే ఉన్నాయి.

అమెరికా భౌతిక శాస్త్రవేత్త జాన్ కోల్ట్‌మన్ 1971లో ప్రకటించిన ప్రయోగం కూడా ఇటువంటిదే. పల్చని వెండి, మందపాటి రాగి, కొయ్య; లోపలి కొలతలు మాత్రం ఒకటే. విన్నవారు తేడా కనిపెట్టలేకపోయారు. కంటికీ చేతికీ లోహం తెలియకుండా చేస్తే ఊదినవారూ కనిపెట్టలేకపోయారు. 2001లో వియన్నా పరిశోధకులు వెండి పూత నుండి ప్లాటినం దాకా ఏడు ఫ్లూట్లను పరీక్షించారు. ఫ్లూటుకూ ఫ్లూటుకూ మధ్య కన్నా, వాయించే మనిషికీ మనిషికీ మధ్య తేడా ఎంతో ఎక్కువగా కనిపించింది.

మరి బంగారు ఫ్లూటును మెచ్చుకునే విద్వాంసులు అబద్ధమాడుతున్నారా? లేదు. బరువు చేతికి తెలుస్తుంది, గోడ అదురు వేలికి తెలుస్తుంది. చేతికి తెలిసినది చెవికి తెలిసినట్టే ఉంటుంది. ప్లాటినం ఫ్లూటు కోసం ఎడ్గార్ వరేజ్ 1936లో చేసిన రచనకు ఆ లోహపు సాంద్రతను బట్టి 'డెన్సిటీ 21.5' అని పేరుపెట్టాడు. పేరు నాకు భలే ఇష్టం! గాలికి మాత్రం ఆ అంకెతో పనిలేదు.

అయితే ఖరీదైన ఫ్లూటులో ఏమీ లేదనను. ఊదే రంధ్రం అంచును నేర్పుగా చెక్కడం, మీటలు తేలికగా కదలడం, వాటి కింది మెత్తలు గాలి పోకుండా మూసుకోవడం, వీటికి డబ్బిచ్చినా తప్పులేదు. ఒక్క మెత్త సరిగా మూయకపోయినా అడుగు స్వరాలు పలకవు. నా అభిప్రాయంలో బడి పిల్లకు మంచి తల భాగమున్న మధ్యరకం చాలు. అప్పు అనవసరం.

"ముందు పాత ఫ్లూటు మెత్తలు చూపించరా. తరువాత కొట్టుకు వెళ్ళు. నువ్వు గోడవైపు తిరిగి కూర్చో, అమ్మాయిని కళ్ళు మూసుకోమను, మీ ఆవిడ ఒక్కొక్కటే అందిస్తుంది. ధర చీటీలు చివర చూడండి" అన్నాను.

నిన్న మళ్ళీ ఫోను. రెండు మెత్తలు చిరిగి ఉన్నాయట. మార్పించాక, ఏడాదిగా పలకని అడుగు స్వరం పలికిందని ఆ పిల్ల ఫోనులోనే ఊది వినిపించింది. కొట్టుకు వెళ్ళేది ఈ ఆదివారం.