సిగ్నలు చెడితే ప్రాణాలకు పూచీ ఎవరు?

కొత్తవలస: 2023 అక్టోబరు 29, ఆదివారం. రాత్రి ఏడు గంటల వేళ విశాఖ నుంచి పలాస వెళ్ళే పాసింజరు కంటకాపల్లి దాటి అలమండ వైపు నెమ్మదిగా సాగుతోంది. అదే లైనుపై వెనుక నుంచి వచ్చిన విశాఖ - రాయగడ పాసింజరు దానిని ఢీకొంది. పెట్టెలు నుజ్జునుజ్జయ్యాయి. 14 మంది మరణించారు. సుమారు 50 మంది గాయపడ్డారు.

రాయగడ పాసింజరు డ్రైవరు చెడిపోయిన రెండు సిగ్నళ్ళను నిబంధన పాటించకుండా దాటడమే కారణమని రైల్వే అధికారుల ప్రాథమిక విచారణ తేల్చింది. ఆ డ్రైవరు కూడా ప్రమాదంలో మరణించాడు. తప్పు తేలింది కాబట్టి కథ ముగిసిందని అనుకోవడానికి వీలు లేదు. అసలు ఆ సిగ్నళ్ళు ఎందుకు చెడ్డాయన్న ప్రశ్న మిగిలే ఉంది.

డ్రైవరు కన్నే దిక్కు

ఈ లైనులో ఉన్నవి ఆటోమేటిక్ సిగ్నళ్ళు. రెండు స్టేషన్ల మధ్య ఇవి వరుసగా ఉంటాయి. ముందు రైలు వెళుతుంటే దాని వెనుక ఎర్రదీపం పడుతుంది. అది ముందుకు కదిలిన కొద్దీ వెనుక రైలుకు దారి దొరుకుతుంది. అందువల్ల ఒకే లైనుపై ఒకదాని వెంట ఒకటిగా ఎక్కువ రైళ్ళు నడపవచ్చు.

సిగ్నలు చెడితే ఈ కాపలా పోతుంది. అప్పుడు డ్రైవరు సిగ్నలు వద్ద రెండు నిమిషాలు ఆగి, తరువాత గంటకు 10 కిలోమీటర్ల వేగం మించకుండా వెళ్ళాలి. చీకట్లో వందలాది ప్రయాణీకుల ప్రాణాలు ఆ ఒక్కడి చూపు మీద ఆధారపడతాయి. మనిషి పొరబడితే ఆపే యంత్రం లేదు.

అటువంటి యంత్రం దేశంలో లేకపోలేదు. ఎర్రదీపం దాటబోయే రైలుకు తనంతట తానే బ్రేకు వేసే 'కవచ్' 2020లోనే ఖాయమయింది. 2023 నాటికి దక్షిణ మధ్య రైల్వేలో దాదాపు 1,465 కిలోమీటర్ల మేర అమర్చారు. కంటకాపల్లి లైనుకు మాత్రం అప్పటికి అది రాలేదు.

ముందే చెప్పిన కాగ్

ఈ జిల్లాకు రైలు ప్రమాదం కొత్త కాదు. 2017 జనవరి 21 రాత్రి, అప్పట్లో ఈ జిల్లాలోనే ఉన్న కూనేరు వద్ద హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పి దాదాపు 40 మంది మరణించారు. కంటకాపల్లికి అయిదు నెలల ముందు, 2023 జూన్ 2న ఒడిశాలోని బాలాసోర్ వద్ద 290 మందికి పైగా బలయ్యారు. అక్కడా సిగ్నలు వైర్ల పనిలో జరిగిన పొరపాటే కొంప ముంచింది.

పాత లైన్ల ఆలనాపాలనా సరిగా లేదని కాగ్ 2022లోనే హెచ్చరించింది. పట్టాల లోపాలు కొలిచే బండ్లతో జరపవలసిన తనిఖీలలో 30 నుంచి 100 శాతం వరకు లోటు ఉన్నట్లు తెలిపింది. 2017-18లో లక్ష కోట్ల రూపాయల లక్ష్యంతో భద్రతా నిధి పెట్టారు. రైల్వే తన రాబడి నుంచి ఏటా జమచేయవలసిన 5 వేల కోట్లు పూర్తిగా జమకాలేదు. ఉన్న నిధిలో కొంత ముఖ్యం కాని పనులకు పోయింది.

హంగులకు మాత్రం కొదవ లేదు. 2023 సంక్రాంతి నాడు విశాఖ - సికింద్రాబాదు వందేభారత్ మొదలయింది. అదే ఏడాది ఆగస్టు 6న దేశమంతటా 508 స్టేషన్ల ఆధునీకరణకు శంకుస్థాపన జరిగింది. వీటిని ఎవరూ కాదనరు. అయితే పాత చెరువు గట్టుకు మట్టి వేయకుండా కొత్త చెరువు తవ్వితే పంట నిలవదని రైతుకు తెలుసు.

మృతుల కుటుంబాలకు రైల్వే శాఖ 10 లక్షల రూపాయల చొప్పున పరిహారం ప్రకటించింది. ఆ సొమ్ము అవసరమే కాని పోయిన వారిని తిరిగి తేదు. పాసింజరు రైలు ఎక్కే పల్లెవాసులు మెరిసే పెట్టెలు అడగడం లేదు. సిగ్నలు చెడితే ఎంతసేపటిలో బాగు చేస్తారు, పట్టాల తనిఖీ ఎప్పుడు జరిగింది, కవచ్ తమ లైనుకు ఎప్పుడు వస్తుంది - ఈ మూడింటికి జవాబు తెలుసుకునే హక్కు వారికి ఉంది. ఇంకో ప్రమాదం జరిగే దాకా ఆగకుండా రైల్వే శాఖ ఆ జవాబు చెప్పాలి.