పక్క బల్ల దగ్గరి గురువు

శాంతినికేతన్ కళాభవన్‌లో ఏటా డిసెంబరు 1, 2 తేదీల్లో నందన్ మేళా జరుగుతుంది. మన చిత్రకారుడు కొండపల్లి శేషగిరిరావు గారికి గురువైన నందలాల్ బోస్ పుట్టినరోజు డిసెంబరు 3. ఆయన పేరు మీదే ఈ సంత. విద్యార్థులు, అధ్యాపకులు కలిసి చేసినవి అమ్మగా వచ్చిన డబ్బు విద్యార్థుల సంక్షేమానికే వెళ్తుంది.

సంత కోసం ఇలా కలిసి చేసే పనిలో ఎం.ఎఫ్.ఏ. అన్నల, అక్కల పక్కన కూర్చుని బి.ఎఫ్.ఏ. పిల్లలు నేర్చుకునేది సిలబస్‌లో దొరకదు. అచ్చుబొమ్మ కోసం లినోలియం చెక్కేటప్పుడు ఉలికి ఎదురుగా రెండో చెయ్యి పెట్టకూడదు. రోలరు మీద సిరా పలచగా పరుచుకోవాలి. మందమైతే సన్నగీతలు పూడిపోతాయి. ఇవి ఆచార్యుల కంటే, నిన్నమొన్న వేలు కోసుకున్న సీనియరే బాగా చెప్పగలడు. అయితే జూనియరు చేతిలోని ఉలి లాక్కుని తానే చెక్కిపెడితే మాత్రం అది సాయం కాదు. బొమ్మ బాగుపడుతుందేమో గానీ పిల్లవాడి చెయ్యి తిరగదు.

ఈ సంచికను అలా నేర్పే సీనియరు, నేర్చుకునే జూనియరు జోడీలకే కేటాయించాం. చెడిపోయిన తొలి ప్రతులనూ అచ్చువేశాం, అవీ చూడండి. మన లలితకళా కళాశాలలు సీనియర్లు నేర్పే ఈ పనిని హాస్టలు స్నేహాలకే వదిలేయకుండా, టైంటేబుల్లో ఒక పూట, నేర్పే పీజీ విద్యార్థికి కొంత భత్యం ఇవ్వాలని గట్టిగా కోరుతున్నాం.