నల్లరాయి, నల్లప్లేటు

చీమకుర్తి క్వారీలనుండి గెలాక్సీ గ్రానైటు దిమ్మెలు మెఱుగుపడకయే ఓడలెక్కి చీనాకును ఇటలీకిని పోవుచుండుట మనము నిత్యము చూచునదే. రాయి మనది, మెఱుగు పరులది. పాటకును ఇదే గతి పట్టుచున్నదన్న కొందఱు నవ్వుదురు. నవ్వుటకు ముందు వినుడు.

1982లో రూపా బిశ్వాస్ అను వంగదేశపు గాయని కెనడాలోని కాల్గరీ నగరమున పాడిన 'డిస్కో జాజ్' రికార్డు వెలువడెను. మాటలు వంగభాషవి, సరోదు ఆశీష్ ఖాన్‌గారిది, నడక పడమటి ఫంకు. ఆనాడది అమ్ముడుపోలేదు. 2019లో చికాగోలోని న్యూమెరో గ్రూపు దానిని వినైలుపై మరల వెలువరించెను. ఆ సంస్థను మేము దూషింపము, వెదకినవారికి దొరకినది. వెదకని మనలనే దూషింతుము.

మన అటుకలమీది నాటకపద్యముల ప్లేట్ల మాటేమి? టంగుటూరి సూర్యకుమారిగారి పాటల మాటేమి? ప్రకాశం పంతులుగారి సోదరుని కుమార్తె కంఠమును కాపాడుటకు ప్రకాశం జిల్లాకు చికాగోవారు రావలయునా?

చట్టమడ్డమందురా? నిత్యము చట్టము తిరుగవేయువారము గనుక చెప్పుచున్నాము: 1957 నాటి కాపీరైటు చట్టమునుబట్టి ధ్వనిముద్రణపై హక్కు, ప్రచురణమైన మఱుసటి యేడు మొదలు 60 ఏండ్లకు తీరును. 1960కి లోపలి రికార్డులపై నది తీరినది. కవికిని స్వరకర్తకును గల హక్కు వేఱు. అది వారి మరణానంతరము 60 ఏండ్లు నిలుచును. వారి వారసుల నడిగి, న్యాయమైన పైకము చెల్లింపవలసినదే.

పెండ్లిపందిళ్లకు లక్షలు పోయు క్వారీ యజమానులారా! ఒంగోలులో ఒక గదియు, మంచి ముల్లుగల యంత్రమును ఇప్పింపుడు. లక్కప్లేట్లు పగులకమునుపే మా పాఠకులు వానిని తెచ్చి యొప్పగింతురు.