పోయిన ఊరు, నిలిచిన పేరు



మిర్చి కల్లాలు ముగిశాక ఒకసారి హైదరాబాదు వెళ్లి రావలసి వచ్చింది. మా సంఘములోని ఒక పెద్ద తల్లి తన కుమారుని చూచి నాలుగేండ్లయింది. వరుసగా రెండేండ్లు పత్తి దెబ్బ తీయగా, కౌలు బాకీ తీర్చలేక ఆ అబ్బాయి పట్నం చేరి అద్దె కారు నడుపుకొంటున్నాడు. "అయ్యగారూ, నాకు చదువు రాదు, ఏ స్టేషన్లో దిగాలో తెలీదు. మీరూ రండి" అని ఆమె అడిగితే కాదనలేకపోయాము. పండుమిరపకాయ పచ్చడి ఒక జాడీ, గోంగూర ఒక జాడీ సంచిలో సర్దుకొని గుంటూరులో రైలెక్కాము.

మరునాటి సాయంత్రం ఆ అబ్బాయి మమ్మల్ని మొజంజాహీ మార్కెట్టుకు తీసుకువెళ్లాడు. నిజాము కాలంలో, 1935లో కట్టిన రాతి కట్టడము అది. పైన గడియారపు గోపురం, చుట్టూ ఐస్‌క్రీము దుకాణాలు, ఎండుపండ్ల అంగళ్లు. ఆ దగ్గరలోనే కరాచీ బేకరీ. లోపల అడుగు పెట్టగానే వెన్న వాసన, కాలిన పిండి వాసన కమ్మగా తగిలాయి. అద్దాల వెనుక ఉస్మానియా బిస్కెట్లు, జీడిపప్పు బిస్కెట్లు, ఆ దుకాణానికి పేరు తెచ్చిన ఫ్రూట్ బిస్కెట్లు. నలుచదరపు బిస్కెట్టులో ఎర్రవి, పచ్చవి చిన్న ముక్కలు మెరుస్తున్నాయి.

"ఈ రంగు ముక్కలేంది నాయనా?" అన్నది తల్లి.

"టూటీఫ్రూటీ అమ్మా. పచ్చి బొప్పాయి ముక్కల్ని పంచదార పాకంలో ఉడికించి రంగు కలుపుతారు."

"మన దొడ్లో రాలిపోయే బొప్పాయేనా! దానికింత దర్జానా!" అని ఆమె నవ్వింది. పక్కనున్నవారు కూడా నవ్వారు.

ఆమెకు చదువు రాదు గనుక, బోర్డు మీద ఏమి రాసి ఉన్నదని మమ్మల్ని అడిగింది. చదివి చెప్పాము. "కరాచీ అంటే?" అన్నది. ఆ ఊరు పాకిస్తానులో, సింధు రాష్ట్రములో ఉన్నదని చెప్పి, మాకు తెలిసిన కథ వినిపించాము.

1947లో దేశము రెండయినప్పుడు పంజాబు చీలింది, బెంగాలు చీలింది. వాటిలో చెరికొంత భాగము మనకు మిగిలింది. సింధు అలా చీలలేదు, మొత్తంగా అటు పోయింది. అక్కడి నుండి వచ్చిన సింధీ హిందువులకు తమ నేల అని చెప్పుకొనడానికి ఇక్కడ జానెడు చోటు లేదు. అలా కరాచీ విడిచి వచ్చినవారిలో ఖాన్‌చంద్ రామ్నానీ ఒకరు. ఆయన 1953లో ఈ మార్కెట్టు దగ్గర బేకరీ పెట్టి, పోగొట్టుకొన్న ఊరి పేరే దానికి పెట్టుకొన్నారు. ఆ కుటుంబము వారు నేటికీ దానిని నడుపుతున్నారు.

"అంటే వాళ్ల ఇంటిపేరు లాంటిదన్నమాట" అన్నది ఆ తల్లి.

ఆ మాట మాకు తోచలేదు సుమండీ! నిజమే గదా. అద్దంకివారు, వినుకొండవారు, మంగళగిరివారు, కొండవీటివారు అని మన మధ్య ఎందరున్నారు! వారి పెద్దలు ఏనాడో ఆ ఊళ్లు విడిచి వచ్చారు. పొలము రాలేదు, ఇల్లు రాలేదు, పేరు మాత్రం వెంట వచ్చింది.

అబ్బాయి ఏమీ మాట్లాడలేదు. బయటికి వచ్చి టీ తాగుతుండగా, తల్లికి వినబడకుండా మాతో అన్నాడు: "అయ్యగారూ, నేనిక్కడ మన ఊరు పేరు చెప్పను. విజయవాడ అంటాను. పల్లె పేరు చెబితే ఊళ్లో ఏ బజారు అంటారు. బజారు చెబితే గది ఖాళీ లేదంటారు. రెండుసార్లు అయింది."

వెంటనే జవాబు చెప్పలేకపోయాము. సిగ్గుపడవద్దు బాబూ అని చెప్పడం సులువే. కానీ సామాను ఆటోలో పెట్టుకొని సందు సందు తిరిగినది అతడు, మేము కాము.

తిరుగు రైలులో ఈ సంగతే తలపోశాము. 2019 ఫిబ్రవరిలో పుల్వామాలో మన జవానులు మరణించిన తరువాత, బెంగుళూరులోని ఈ బేకరీ శాఖ ముందు కొందరు గుమిగూడగా, వారు బోర్డు మీది కరాచీ అన్న మాటకు గుడ్డ కప్పవలసి వచ్చింది. 2025 మే నెలలో రెండు దేశాల మధ్య పోరు జరిగినప్పుడు విశాఖపట్నములో పేరు మార్చాలని ఆందోళన చేశారు, శంషాబాదులో దుకాణము మీద పడ్డారు. మేము ఈ దేశస్థులమే అని ఆ యజమానులు చెప్పుకోవలసి వచ్చింది. ఏ ఊరి నుండి తరలిపోవలసి వచ్చిందో, ఆ ఊరివారని వారినే అనుమానించడం ఎంత విచిత్రము!

గుడ్డ కప్పినవారు, ఊరు దాచినవాడు, ఇద్దరిదీ ఒకటే భయము. ఆ తప్పు పేరు దాచుకొన్నవారిది కాదు, దాచుకొనేలా చేసినవారిది.

నజరేతు చిన్న ఊరు. దానిని తేలికచేసి మాటలాడినవారున్నారు. అయినను మన ప్రభువు ఆ పేరు విడిచిపెట్టలేదు. సిలువ మీద పెట్టిన పలకలో కూడ ఆ ఊరి పేరున్నది.

ప్రియులారా, మన పిల్లలు పట్నాలలో ఎదుర్కొనే ప్రశ్న సంగతి సరే. మన దగ్గరకు కొత్తవారు వచ్చినప్పుడు, పెండ్లి మాటలప్పుడు, ఊరు చెప్పగానే "ఏ బజారు?" అని మనము అడగడం లేదా? ఆరాధనలో ఒకే చాప మీద కూర్చొని, గుమ్మము దాటగానే ఆ ప్రశ్న వేయడం లేదా? ముందు మన నోటి నుండి అది పోవాలి.

ఆ తల్లి తెచ్చిన బిస్కెట్లు ఆదివారము ఆరాధన తరువాత పిల్లలందరికీ పంచింది. "ఎక్కడివమ్మమ్మా?" అని అడిగితే, "ఊరు పోయినా పేరు వదలని వాళ్లవి" అన్నది. మొన్న ఆమె కుమారుడు ఫోను చేశాడు. కొత్త గది దొరికిందట. ఇంటాయన ఊరు అడిగితే ఈసారి మన పల్లె పేరే చెప్పాడట. ఆయన ఇంకేమీ అడగలేదట.

వచ్చే నెల మరల కలుసుకొందాము.